పాము కరిస్తే మా ఊళ్లో మొదట వెళ్లేది మంత్రగాడి దగ్గరికే. ఈ అలవాటు మార్చడం ఎలా?

పల్లెగట్టు
గత నెల 14న రాత్రి ఎనిమిది దాటాక మా నాన్న బోదె మళ్లించడానికి పొలం వెళ్లాడు. గట్టు మీద రక్తపింజరి కరిచింది, కుడి మడమకు పైన. అక్కడి నుంచి అర కిలోమీటరు నడిచి ఇంటికి వచ్చాడు. చేరినవాళ్లు పిక్క పైన తువ్వాలు బిగించి కట్టి, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వేపమండలతో దిగదుడిచాడు. పచ్చిమిర్చి నమిలించాడు. "విషం దిగిపోయింది, తెల్లవారేదాకా నిద్రపోనివ్వకండి" అని పంపించాడు. పదకొండు గంటలకు చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. అప్పుడు బయలుదేరారు ఆసుపత్రికి.

ప్రాణం దక్కింది. మూత్రపిండాలు దెబ్బతిని ఆరుసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి మనిషి సగమయ్యాడు.

నన్ను తొలిచేస్తున్నది ఇంకొకటి. మంత్రం వల్లే బతికాడని ఊరంతా ఇప్పటికీ అంటున్నది. మా అమ్మ ఆయనకు పంచెల చాపు పెట్టి వచ్చింది. ఈ వానాకాలంలో ఇంకెవరినైనా కరిస్తే మళ్లీ అదే దారి పడతారు. మీ ఊళ్లలో ఎవరైనా దీన్ని మార్చగలిగారా? తిట్టడం, వాదించడం నేను చేసి చూశాను. ఉపయోగం లేదు.

సీమమట్టి
ముందు నాన్న ఇప్పుడు ఎలా ఉన్నారో చెప్పండి. మా మెట్ట పొలాల్లో చిన్న పింజరి ఎక్కువ. వేరుశెనగ పీకేటప్పుడు చేతులకు కాట్లు పడతాయి. మీరు చెప్పిన కథే ఇక్కడా. మిర్చికి బదులు మిరియాలు.

పల్లెగట్టు
డయాలసిస్ ఆపేశారు. మూత్రం మామూలుగా వస్తున్నది. నీరసం ఉంది. అడిగినందుకు చాలా సంతోషం.

రాత్రిడ్యూటీ
నేను ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో పదకొండేళ్లుగా నర్సును. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాకు పాముకాటు లేని వారం ఉండదు. మీ నాన్నగారి విషయంలో పొరపాటు మంత్రం దగ్గర మొదలు కాలేదు, నడకతోనే మొదలైంది. కండరం కదిలే కొద్దీ విషం త్వరగా పాకుతుంది. కరిచిన కాలికి కర్రచెక్క ఆనించి, విరిగిన ఎముకకు కట్టినట్లు వదులుగా కట్టి, మనిషిని మోసుకొని రావాలి. బిగించి కట్టిన తువ్వాలు ఇంకా ప్రమాదం. పింజరి విషం కరిచిన చోటే కండను కుళ్లబెడుతుంది. కట్టు దాన్ని అక్కడే నిలబెడుతుంది. పైగా ఆ కట్టు ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా ఒంట్లోకి వస్తుంది. అందుకే కట్టుతో వచ్చినవాళ్లకు సూది, మందు సిద్ధం చేసుకున్నాకే మేము విప్పుతాం.

పింజరి కాటో కాదో తేల్చడానికి మా దగ్గర ఖరీదైన యంత్రమేమీ లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెడతాం. తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్లే. ఆ ఇరవై నిమిషాలు బయట బల్ల మీద కూర్చున్న భార్య ముఖం చూడలేం.

విషానికి విరుగుడు ఒక్కటే, యాంటీవీనం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ అదే సీసా. కాబట్టి పామును చంపి సంచిలో వేసి తేనవసరం లేదు. చచ్చిన పాము తల కూడా కొంతసేపటి దాకా కరవగలదు.

మర్రిచెట్టు
మా తాత పాము మంత్రం వేసేవాడు. పైసా తీసుకోలేదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచేవాడు. ఆయన దగ్గరికి వచ్చి నడిచి వెళ్లినవాళ్లను నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను, ఒకరిద్దరిని కాదు. అందరూ అబద్ధమేనా? ఆసుపత్రి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రోజుల్లో ఊరికి ఉన్న ధైర్యం ఆయనే. ఈ చర్చలో మంత్రగాళ్లను దొంగలుగా చూడటం నాకు నచ్చలేదు.

బడిపంతులు
మర్రిచెట్టు గారూ, దొంగ అని ఇక్కడ ఎవరూ అనలేదు. మీ తాతగారి దగ్గరికి వచ్చినవాళ్లు నడిచి వెళ్లడం నిజమే. అయితే కారణం వేరు. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగానికి విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టె కరిచినా ఏమీ కాదు. విషపాము కూడా ప్రతిసారీ విషం వదలదు. అది దానికి ఎరను చంపే ఆస్తి, మన మీద వృథా చేసుకోదు. ఉత్తి కాటు వేసి పోతుంది. ఈ రెండు రకాలవాళ్లూ మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. నిజంగా విషం ఎక్కినవాళ్లు చనిపోతే "ఆలస్యంగా తెచ్చారు" అనుకుంటాం. బతికినవాళ్ల పేర్లు ఊరు పదేపదే చెప్పుకుంటుంది.

2011లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం ఏటా సుమారు 45,900 మంది పాముకాటుతో చనిపోతున్నారని లెక్క కట్టింది. మరణాల రేటు ఎక్కడ ఎక్కువో తెలుసా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. లక్ష మందికి 6.2. చనిపోయినవాళ్లలో ఆసుపత్రిలో కన్నుమూసింది నాలుగోవంతు కంటే తక్కువే. మిగిలినవాళ్లు ఇంట్లోనో, దారిలోనో, మంత్రగాళ్ల గుమ్మాల ముందో పోయారు. 2020లో వచ్చిన మరో లెక్క ఏటా సగటున 58,000 అని చెప్పింది.

మర్రిచెట్టు
6.2 మన రాష్ట్రానిదా? అది తెలియదు నాకు. ఆలోచించవలసిన విషయమే. అయినా తాత మీద నా గౌరవం తగ్గదు.

బడిపంతులు
తగ్గించుకోమని నేనూ అనను.

కోనసీమ_కొబ్బరి
కట్లపాము గురించి కూడా చెప్పాలి, అది ఇంకా మోసం చేస్తుంది. మా అక్క కూతురు, ఏడేళ్లు. ఎండాకాలం సెలవులకు వచ్చి చాప మీద పడుకుంది. తెల్లవారుజామున మూడింటికి కడుపునొప్పి అని లేచింది. రాత్రి పనస తొనలు తిన్నది కదా అని వాము నీళ్లు పట్టించారు. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. ఆరు గంటలకు రెప్పలు వాలిపోతున్నాయి. నిద్ర చాలలేదనుకున్నారు. మా బావ మంచినీళ్లు ఇస్తే మింగలేక ముక్కులో నుంచి వచ్చాయి. అప్పుడు భయం వేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రెప్పలు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "పాప నేల మీద పడుకుందా?" మందు ఎక్కించారు, నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉంచారు. ఐదో రోజు కళ్లు తెరిచి పనస తొనలు అడిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పాపను ఆసుపత్రిలో చేర్చిన రోజు సాయంత్రం ఇల్లు ఊడుస్తుంటే చాపల చుట్టలో కట్లపాము కనిపించింది.

ఇది చదివేవాళ్లకు నేను చేతులెత్తి చెప్పేది, నేల మీద పడుకున్న పిల్లలు రాత్రి కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుస్తుంటే పామేమోనని అనుమానించండి.

పాలమూరు_పిల్ల
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో అందరం నేల మీదే పడుకుంటాం. మంచాలు కొనే స్థోమత లేనివాళ్లు ఏం చేయాలి?

రాత్రిడ్యూటీ
దోమతెర. అంచులు చాప కిందికి నాలుగు వైపులా దోపాలి. దోమలతోపాటు కట్లపామునూ ఆపుతుంది. కట్లపాము కాటు చీమ కుట్టినట్లయినా ఉండకపోవచ్చు, అందుకే చాలామంది నిద్ర కూడా లేవరు. కోనసీమ_కొబ్బరి గారు చెప్పినవి అచ్చంగా దాని లక్షణాలే. ఊపిరి కండరాలు ఆగిపోతాయి, కానీ వెంటిలేటరు మీద ఊపిరి ఇస్తూ ఉంటే మనిషి పూర్తిగా కోలుకుంటాడు.

దక్షిణార్థగోళం
మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ పెరట్లోకి టైగర్ పాములు, గోధుమ రంగు పాములు వస్తాయి. మా పిల్లల బడిలో నేర్పేది ఏమిటంటే, సాగే బ్యాండేజీని వేళ్ల నుంచి తొడ దాకా గట్టిగా చుట్టి, చెక్క కట్టి, కదలకుండా పడుకోబెట్టాలి. కట్టు వద్దని రాత్రిడ్యూటీ గారు ఎందుకు అంటున్నారు? ఇక్కడ అది ఎందరి ప్రాణాలో కాపాడింది.

రాత్రిడ్యూటీ
మీ దేశంలో అది సరైనదే. ఆస్ట్రేలియాలో పింజరి జాతే లేదు. అక్కడి పాముల విషం కరిచిన చోట కండను పెద్దగా కుళ్లబెట్టదు, కాబట్టి చుట్టేసి ఆపడం మేలు. ఇక్కడ పొలంలో కరిచేది ఎక్కువగా పింజరి. దాని విషాన్ని ఒకే చోట బిగించి ఉంచితే కాలే పోతుంది. చీకట్లో ఏ పాము కరిచిందో మనకు తెలియదు. అందుకే మన దగ్గర చెక్క కట్టడం వరకే చెబుతారు.

దక్షిణార్థగోళం
అర్థమైంది. ఊళ్లో మా తమ్ముడికి మొన్న ఫోనులో గట్టిగా చుట్టమనే చెప్పాను. ఇప్పుడే మళ్లీ చేస్తున్నాను.

దివిసీమ_గాలి
2018 ఆగస్టు మాకు మరిచిపోలేని నెల. కాలువలకు నీళ్లు వచ్చాయి, పొలాలు తడిశాయి, ఎలుకల బొరియలన్నీ మునిగాయి. ఎలుకలు గట్ల మీదికి ఎక్కాయి, వాటి వెనుకే పాములు. నాట్ల మనుషులు నడిచేది కూడా ఆ గట్ల మీదే కదా. అవనిగడ్డ ఆసుపత్రికి ఆ ఒక్క నెలలో వందమందికి పైగా పాముకాటుతో వచ్చారు. మోపిదేవిలో సర్పశాంతి హోమం కూడా చేశారు. నేను ఆ హోమానికి వెళ్లాను, మా ఆవిడను కరిచినప్పుడు ఆసుపత్రికీ వెళ్లాను. రెండింటికీ మధ్య నాకు తగాదా కనిపించలేదు, ఆసుపత్రికి ముందు వెళ్లినంత వరకు.

మా వైపు యానాదులు వరి కోతల తర్వాత ఎలుకలు పట్టడానికి వచ్చేవారు. బొరియ చూసి లోపల ఎలుక ఉందో పాము ఉందో చెప్పగలిగేవారు. ఇప్పుడు రావడం తగ్గింది.

బడిపంతులు
దివిసీమ_గాలి గారు యానాదులను గుర్తు చేశారు కాబట్టి ఒక మాట. ఆసుపత్రిలో ఎక్కించే ఆ మందు వెనుక వాళ్లలాంటి మనుషులే ఉన్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులర్ అనే గిరిజన తెగవాళ్ల పాములు పట్టే సహకార సంఘం 1978 నుంచి నడుస్తున్నది. పామును పడతారు, విషం పిండుతారు, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని మందు తయారీదారులు గుర్రాలకు కొద్ది కొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో పుట్టిన విరుగుడే మన సీసాలోకి వచ్చేది. ఇరులర్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సదైయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బడికి వెళ్లని మనుషులు. ఆ వార్త మా తరగతిలో చదివి వినిపించిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

కర్రచేత
ఇదంతా బాగుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు పాము కనిపిస్తే నేను కర్ర తీస్తాను. తర్వాతే మాటలు.

బడిపంతులు
మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ పాముకాట్లలో కొన్ని కర్ర తీసినప్పుడే పడతాయి. తలుపు వేసి, కింద సందులో గుడ్డ కుక్కి, పాములు పట్టేవారికి గాని అటవీశాఖకు గాని ఫోను చేయండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పామును చంపడం నేరం కూడా.

జనం కర్రతో చంపే పాముల్లో ఎక్కువ ఏవో చెప్పనా? గోడలెక్కే తోడేలు పామును చూసి కట్లపాము అనుకుంటారు. తోడేలు పాముకు పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు చెరిగిపోతాయి. కట్లపాముకు తల వైపు సన్నగానో లేకుండానో ఉండి తోక వైపు తేటగా ఉంటాయి. అయినా ఇది చదివి ఎవరూ చేత్తో పట్టుకుని చూడవద్దు, దూరం నుంచి చూడటానికే. ఇక జెర్రిపోతు. ఎలుకలను అది తిన్నట్లు ఏ మందూ చంపదు.

పాలమూరు_పిల్ల
జెర్రిపోతు, నాగుపాము జత కడతాయి అంటారు కదా? రెండు పెనవేసుకుని లేస్తే మా నాయనమ్మ కొత్త గుడ్డ కప్పింది, ధనం వస్తుందని.

బడిపంతులు
ఆ రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. ఆడపాము కోసం కుస్తీ పడుతుంటాయి. కరుచుకోవు, ఎవరు ఎవరిని నేలకు అణచగలరన్నదే పోటీ. నాయనమ్మ గారి గుడ్డ కుస్తీని మధ్యలో ఆపి ఉంటుంది.

పాలమూరు_పిల్ల
నాయనమ్మకు చెప్పాను. "మరి గెలిచినవాడికైనా గుడ్డ దక్కాలి కదా" అన్నది.

పల్లెగట్టు
ఇన్ని సంగతులు తెలిశాయి, అందరికీ రుణపడి ఉంటాను. నాన్న లేవగానే పొలం వెళ్తానంటున్నాడు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు ఊళ్లో అందరికీ కొనిద్దామనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?

మడిలో_మనిషి
కొనే ముందు ఒక్కసారి దమ్ము చేసిన మడిలో ఆ బూట్లతో నిలబడి చూడండి. కాలు బయటికి వస్తుంది, బూటు బురదలోనే ఉంటుంది. నేను నాట్లు వేసే మనిషిని, ఇరవై ఏళ్లుగా. బురదలో వంగి వెనక్కి నడుస్తూ నాటాలి, ఆ పని బూట్లతో కాదు. గట్టు మీద రాత్రి తిరిగేవాళ్లకు, మోటారు వేయడానికి వెళ్లేవాళ్లకు, కోతకు, గడ్డివాము దగ్గర పనికి బూట్లు మంచివి. మీ నాన్నకు కొనండి. నాట్ల ఆడవాళ్లకు కావలసింది, పొద్దున మడిలో దిగే ముందు గట్ల మీద గడ్డి కోయించి, ఒకరు కర్రతో కొడుతూ ముందు నడవడం. రైతు ఆ గంట కూలి ఇస్తే చాలు.

రాత్రిడ్యూటీ
మడిలో_మనిషి గారూ, ఇరవై ఏళ్లు మడిలో నిలబడిన మనిషికే ఇది తెలుస్తుంది. దానికి ఒక్కటి కలపండి, టార్చి. మా దగ్గరికి రాత్రి వచ్చే కాట్లలో చాలా వరకు "చీకట్లో తొక్కాను" అనే మాటతోనే మొదలవుతాయి.

సీమమట్టి
రక్తపింజరి తొక్కకముందే కుక్కరు ఈలలా బుస కొడుతుందని అంటారు. అప్పటి నుంచి మా తమ్ముడు వంటింట్లో కుక్కరు కూసినా కాళ్లు పైకెత్తి కూర్చుంటాడు.

తూరుపుకొండ
మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మాది పాడేరు వైపు. ఇక్కడి అడవుల్లో గిరినాగు, అంటే కింగ్ కోబ్రా, ఉంది. పన్నెండు అడుగుల పామును మా వాళ్లు చూసి దారి తప్పుకుంటారు. ఆకులు పోగు చేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము అదొక్కటే. గూడు కనబడితే ఆ చుట్టూ ఎవరూ కట్టెలకు వెళ్లరు. కాట్లు పడేది మాత్రం మామూలు పాములతోనే.

మా ఊళ్లో మంత్రం వేసే పెద్దాయనతో మూడేళ్లు తగవు పడ్డాం. ఆశా కార్యకర్త ఒకటి చెబితే ఆయన ఒకటి చెప్పేవాడు. జనం ఆయన మాటే విన్నారు, ఎందుకంటే ఆమె వచ్చి మూడేళ్లు, ఆయన పుట్టింది ఇక్కడ. చివరికి ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఇంటికి వెళ్లి, "తాతా, మంత్రం మానవద్దు. వాహనంలో కూర్చుని వెయ్యి" అన్నది. అంతే. ఇప్పుడు ఎవరినైనా కరిస్తే ఆయనకూ 108కీ ఒకేసారి కబురు వెళ్తుంది. ఆయన పక్కన కూర్చుని ఆసుపత్రి గేటు దాకా మంత్రం వేస్తూ వస్తాడు. రోగికి కంగారు తగ్గుతుంది. దారిలో ఎవరూ "ముందు అక్కడికి పోదాం" అనరు, ఎందుకంటే ఆయన అక్కడే ఉన్నాడు.

రాత్రిడ్యూటీ
మా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. వేర్లు, పసర్లు గాయం మీద పూయకుండా, కోయకుండా ఉంటే చాలు. నిజానికి కంగారు పడని రోగి మాకు సగం పని తగ్గిస్తాడు.

మర్రిచెట్టు
తూరుపుకొండ గారు రాసింది రెండుసార్లు చదివాను. తాత ఉంటే ఒప్పుకునేవాడు. మా బాబాయి ఇప్పటికీ మంత్రం వేస్తాడు. ఈ ఆదివారం వెళ్లి నేనే మాట్లాడతాను. పల్లెగట్టు గారూ, మీ పక్క ఊరి ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు తప్పు ఎత్తి చూపవద్దు. ఆయన చేసిన సాయానికి మొదట నమస్కారం పెట్టండి. అది అబద్ధం కాదు, మీ నాన్న కోసం ఆయన రాత్రి మేలుకున్నాడు.

పల్లెగట్టు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వెళ్లాను. మర్రిచెట్టు గారు చెప్పినట్లే మొదలుపెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్న చిగుళ్ల సంగతి తెలిసిన రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. వచ్చినవాళ్లను పొమ్మంటే నన్ను తిడతారు, ఉంచుకుంటే ఇలా అవుతుంది" అన్నాడు. నేను కోపంతో వెళ్లినవాణ్ని, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన ఇంటి గోడ మీదే, గుమ్మం పక్కన, 108, ఇద్దరు ఆటోవాళ్ల ఫోను నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించాం. రాసే మనిషికి రంగు డబ్బులు ఆయనే ఇచ్చాడు. మా అమ్మ పది టార్చిలు కొని నాట్ల ముఠాకు పంచింది.

నిన్న రాత్రి తొమ్మిది నలభైకి మొదటి ఫోను. గడ్డివాము దగ్గర ఒకావిడకు చేతి మీద కాటు. పాము కనిపించలేదు. చెక్క కట్టారు, ఆటోలో ఆయన ఎక్కాడు, పదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉన్నారు. గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టింది. ఇంటికి పంపించేయమని వాళ్ల ఆయన పట్టుబడుతున్నాడు.

రాత్రిడ్యూటీ
పంపించవద్దని చెప్పండి, ఇప్పుడే. మొదటిసారి గడ్డకట్టినా తర్వాత మారవచ్చు. పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి, ఒక రోజు పూర్తిగా ఉంచుకోవాలి. రెప్పలు కూడా చూస్తూ ఉండమనండి.

పల్లెగట్టు
ఫోను చేశాను. మంత్రం వేసే ఆయనే ఎత్తాడు. వార్డు బయట బల్ల మీద ఉన్నాడట. "నేను ఒప్పిస్తాను, నువ్వు పెట్టెయ్" అన్నాడు.